డేరాల్లో బతికిన కలెక్టరు: గండికోట దారి పట్టే ముందు థామస్ మన్రో కథ



దసరా సెలవులు దగ్గర పడ్డాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఈ మూడు ఊర్లలో ఏ క్లాసు పిల్లలను అడిగినా సెలవుల ప్లాను దాదాపు ఒకటే. గండికోట, లేదంటే మైలవరం డ్యాం, అదీ కాకపోతే పాపాఘ్ని ఒడ్డున గండి. వానలు పడ్డాక నీళ్లు నిండుగా ఉంటాయి, కొండలు పచ్చగా ఉంటాయి. వెళ్లాలి కూడా. పిల్లలు ఫోన్ కింద పెట్టి కొండ ఎక్కుతామంటే మనం అడ్డు చెప్పకూడదు.

ఈ నెల ఈ పేజీలో మీకు ఒక జీవిత కథ చెప్తాను. మన సీమలోని కొండల్లో, ఏటి ఒడ్డుల్లో, చెరువు గట్ల కింద ఏడేళ్లు తిరిగి క్షేమంగా ఇంటికి వెళ్లిన మనిషి ఈయన. ఇరవై ఏళ్ల తర్వాత ఇదే సీమను చివరిసారి చూసి పోదామని వచ్చి, ఉదయం జబ్బుపడి రాత్రికి కన్నుమూశాడు. పేరు థామస్ మన్రో. మన తాతల కాలంలో మన్రోలప్ప అని పిల్లలకు పేరు కూడా పెట్టుకున్నారు. ఆ ఏడేళ్ల గురించీ, ఆ ఒక్క రోజు గురించీ తెలుసుకుని ట్రిప్‌కు వెళ్తే బాగుంటుందని నా అభిప్రాయం.

మన్రో 1761 మే 27న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం మునిగిపోయింది, ఇల్లు చితికిపోయింది. పిల్లవాడు ఆటల్లో ముందుండేవాడు, ఈత బాగా వచ్చు. చిన్నప్పుడు వచ్చిన జబ్బు వల్ల వినికిడి కొంత తగ్గింది, ఆ లోపం జీవితాంతం ఉండిపోయింది. డాన్ క్విక్సోట్ నవలను మూలంలోనే చదవాలని పట్టుబట్టి, తనంతట తానే స్పానిష్ నేర్చుకున్నాడు. టీచరుగా నాకు ఈ ముక్క చాలా ఇష్టం. మార్కుల కోసం కాదు, ఒక కథ కోసం ఇంకో భాష నేర్చుకున్న పిల్లవాడు! తర్వాత ఇక్కడి భాషలు నేర్చుకుని, దుబాసీల మీద ఆధారపడకుండా రైతులతో నేరుగా మాట్లాడాడంటే ఆశ్చర్యం లేదు.

1780 జనవరిలో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. దిగీ దిగగానే మోసపోయాడు. పెద్దమనిషిలా కనిపించిన ఒకాయన నౌకరీకి వచ్చి, బట్టలు, డబ్బు పట్టుకుని ఉడాయించాడు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు కట్టుబట్టలతో మిగిలాడు. ఆ ఏడే హైదర్ అలీతో యుద్ధం మొదలైంది. ఆ తర్వాత టిప్పు సుల్తాన్‌తో యుద్ధాలు. సైనికుడిగా వచ్చిన మన్రో 1792 నుంచి రెవెన్యూ పనిలోకి మారి, ఇప్పటి తమిళనాడులోని బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ దగ్గర ఏడేళ్లు పని నేర్చుకున్నాడు. భూమి కొలవడం, రైతుతో నేరుగా లెక్క చూసుకోవడం అక్కడే అలవాటైంది. ఆపైన కొద్దికాలం కెనరా. ఇదంతా వేగంగా దాటేస్తున్నాను. ఎందుకంటే మనకు కావలసిన మన్రో 1800లో మొదలవుతాడు.

1800లో నిజాం మన ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. కడప, బళ్లారి, అనంతపురం వైపు అంతా కలిపి దాదాపు 27 వేల చదరపు మైళ్లు. దత్త మండలాలు అన్నారు. రాయలసీమ అనే పేరు 1928లో వచ్చింది, అప్పటిదాకా మన చిరునామా అదే. దీనంతటికీ ప్రధాన కలెక్టరు మన్రో. కోటలు, సొంత బలగాలు ఉన్న పాళెగాళ్లు 80 మంది దాకా ఉండేవారు. రోడ్లు లేవు. వాగుల మీద వంతెనలు లేవు. ఆయన ఒక ఊర్లో బంగళా కట్టుకుని ఫైళ్లు తెప్పించుకునే రకం కాదు. మొదటి కొన్నేళ్లు ఎక్కువ కాలం డేరాల్లోనే గడిపాడు. ఊరూరా తిరిగాడు, గుర్రం మీద, కాలినడకన.

ఇక్కడ కాస్త ఆగి, ఆ రోజుల్లో డేరా ప్రయాణం ఎలా జరిగేదో చెప్తాను. మన ట్రిప్‌లకు పనికొచ్చేది అందులోనే ఉంది.

డేరాలు రెండు జతలు ఉండేవి. ఒక జతలో దొర ఈ రాత్రి పడుకుంటే, రెండో జత అప్పటికే ముందు మజిలీకి బయల్దేరేది. తెల్లవారకముందే మనుషులు, గుర్రాలు కదిలేవి. ఎండ ముదిరేలోపు తర్వాతి మజిలీ చేరాలి. అది సాధారణంగా చెరువు దగ్గరో, ఏటి ఒడ్డునో, చింతతోపులోనో ఉండేది. నీడ ఉండాలి, నీళ్లు ఉండాలి. మధ్యాహ్నం అంతా నీడపట్టునే కచేరీ. ఎక్కడ ఏరు దాటొచ్చో, ఏ కనుమలో దారి ఉందో చెప్పేది ఆ ఊరి మనిషే. అతను లేకుండా ముందుకు కదిలేవారు కాదు.

ఇప్పుడు మన ట్రిప్ చూడండి. తొమ్మిదికి టిఫిన్, పదికి కారు, పదకొండున్నరకు గండికోట, సరిగ్గా నెత్తి మీద ఎండ ఉన్నప్పుడు పిల్లలతో లోయ అంచుకు నడక. రెండు నీళ్ల బాటిళ్లు నలుగురికి. ఏ దారి ఎటు పోతుందో ఫోన్‌లో చూసుకోవడం, లోయలోకి దిగితే సిగ్నల్ పోవడం. రెండు వందల ఏళ్ల కిందటి మనుషులు మనకంటే జాగ్రత్తగా ప్రయాణం చేశారంటే కాదనలేను.

అందుకే నా సలహా. గండికోటకు వెళ్లేవాళ్లు సూర్యోదయానికి అక్కడ ఉండేలా బయల్దేరండి. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లే. ప్రొద్దుటూరు వాళ్లు చీకటితో లేవాలి, పులివెందుల వాళ్లు ఇంకొంచెం ముందు. వెలుగు వచ్చేటప్పుడు పెన్నా లోయ ఎంత అందంగా ఉంటుందో మధ్యాహ్నం అంత ఉండదు, కాబట్టి నష్టం లేదు. పదిలోపు లోయ అంచు వదిలేసి కోటలోపలికి, మాధవరాయస్వామి గుడి వైపో ధాన్యాగారం వైపో, నీడకు వచ్చేయండి. ఎండలో నడిచేటప్పుడు పెద్దవాళ్లకు గంటకు కనీసం అర లీటరు నీళ్లు కావాలి. పిల్లలు అడిగేదాకా ఆగకండి. ఆటలో వాళ్లకు దాహం గుర్తురాదు. ఇరవై నిమిషాలకోసారి మీరే తాగించండి.

లోయ అంచు గురించి కూడా చెప్పాలి. మన్రో కంటే చాలా ముందే, 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చాడు. కొండను తొలిచి చేసిన ఆ దారి వెడల్పు ఇరవై, పాతిక అడుగులు ఉండేదని, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే అని, ఒక పక్క అగాధమని, కింద నది అని రాసుకున్నాడు. అప్పటి కోటకు ఆ అగాధమే రక్షణ, శత్రువు ఎక్కలేడు. ఇప్పుడు శత్రువు లేడు, మన పిల్లలు ఉన్నారు. అంచున చాలాచోట్ల అడ్డేమీ ఉండదు. పలకలు పలకలుగా పేర్చినట్టుండే ఆ బండల్లో కొన్ని గట్టిగా కనిపిస్తూనే కాలు పెడితే కదులుతాయి. వాన తడి, నాచు ఉంటే చెప్పనక్కర్లేదు. నేను పిల్లలకు చెప్పే కొలత ఒకటే: కాలు తట్టుకుని బోర్లా పడినా ఒళ్లంతా బండ మీదే పడాలి, అంత వెనక్కి నిలబడాలి. ఫోటో తీసేవాళ్లు ఇంకో అడుగు వెనక్కి వెళ్లు అంటారు చూడండి, ఆ మాట లోయ దగ్గర ఎవరి నోటా రాకూడదు. ఫోటో తీసే మనిషే కదలాలి, నిలబడ్డ మనిషి కదలకూడదు. చిన్నపిల్లలయితే చెయ్యి వదలొద్దు, అంతే. బండల చాటున కొండతేనెటీగల పట్లు ఉంటే రాళ్లు వేయొద్దు, కింద మంట పెట్టొద్దు.

మళ్లీ మన్రో దగ్గరకు వద్దాం. ఆయన చేసిన పెద్ద పని భూమి కొలత. 1802లో మొదలుపెట్టి 1806కల్లా పూర్తి చేయించాడు. కొలగాళ్లు 33 అడుగుల గొలుసు పట్టుకుని చేను చేనుకూ నడిచారు. 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు ఉన్న చదరాలు నలభై కలిస్తే ఒక ఎకరం. మీ ఆరో తరగతి పిల్లవాడితో ఈ లెక్క చేయించండి, 43,560 చదరపు అడుగులు వస్తుంది. మన నాయనలు గుంట అంటే ఎంతో ఇట్టే చెప్తారు కదా, అదీ ఇదే చదరం. మధ్యలో వానలు లేని కరువు సంవత్సరాలు వచ్చాయి. రైతు మీద శిస్తు ఎక్కువైందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో వెళ్లిపోయే ముందు పైవాళ్లకు రాశాడు. అప్పుడు వాళ్లు వినలేదు. తానే గవర్నరు అయ్యాక గానీ తగ్గింపు రాలేదు.

మన్రోను దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన కంపెనీ ఉద్యోగి, మన దగ్గర శిస్తు వసూలు చేయడానికి వచ్చినవాడు. పాళెగాళ్లను అణచడంలో కఠినంగా ఉన్నాడు. ఆ పాళెగాళ్ల వారసుల కోపమే నాలుగు దశాబ్దాల తర్వాత, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా బయటపడింది. అయినా జనం ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నారు. రెండూ నిజమే. హైస్కూలు పిల్లలు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించగలరు, మీరు ఇంట్లో మాట్లాడి చూడండి.

1807లో సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లాడు. 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లి చేసుకుని ఆ ఏడే తిరిగి వచ్చాడు. 1820 నుంచి మద్రాసు గవర్నరు.

గవర్నరుగా చేసిన పనుల్లో బడికి సంబంధించినది ఒకటి చెప్పకుండా ఉండలేను. 1822లో జిల్లా కలెక్టర్లందరినీ మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెంతమంది అని లెక్క అడిగాడు. ఆ లెక్కలన్నీ వచ్చాక 1826లో తేల్చింది: 12,498 బడులు, అంటే సుమారు ప్రతి వెయ్యి మంది జనాభాకు ఒకటి. ఆడపిల్లలు బడిలో చాలా తక్కువ. టీచర్లకు వచ్చేది చాలడం లేదని, వాళ్లకు శిక్షణ ఇవ్వాలని, జిల్లా స్థాయి బడుల్లో టీచరుకు నెలకు 15 రూపాయలు, తాలూకా బడుల్లో 9 రూపాయలు ఇవ్వాలని ప్రతిపాదించాడు. బీఈడీ చేసిన నాలాంటివాళ్లకు ఆయన మీద కాస్త అభిమానం ఎందుకుంటుందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

1827 నాటికి ఆయనకు అరవై ఆరేళ్లు. ఉద్యోగం చాలించుకుంటానని చెప్పేశాడు, కొత్త గవర్నరు రావడమే ఆలస్యం. భార్య జబ్బుపడ్డ చిన్న కొడుకును తీసుకుని అంతకుముందే ఇంగ్లండ్ వెళ్లింది. ఓడ ఎక్కేలోపు తన పాత సీమను ఒక్కసారి చూసి రావాలనుకున్నాడు. మే నెలాఖరున మద్రాసులో బయల్దేరాడు. మే నెలాఖరు అంటే మన ఎండ సంగతి మీకు చెప్పాలా.

ఆ ప్రయాణం చుట్టూ మన ప్రాంతంలో ఒక కథ ఉంది. పులివెందుల వాళ్లకు బాగా తెలుసు. పాపాఘ్ని నది పాలకొండలను చీల్చుకుని వచ్చే చోట, గండిలో, వీరాంజనేయస్వామి గుడి ఉంది. రాముడు లంక నుంచి తిరిగి వస్తున్నాడని వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని, రాముడు అక్కడ ఆగి బాణం కొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడని స్థలపురాణం. ఆ తోరణం చావు దగ్గర పడ్డవాళ్లకే కనిపిస్తుందట. మన్రో ఆ దారిన పోతూ తల పైకెత్తి, ఆ బంగారు తోరణం ఏమిటని అడిగాడట. పక్కనున్నవాళ్లకు ఏమీ కనిపించలేదు. వాళ్లు మాట్లాడలేదు. కొద్ది రోజులకే ఆయన పోయాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారని ఇంకో కథ ఉంది. ఒక పరాయి అధికారిని జనం తమ క్షేత్రాల కథల్లో కలుపుకున్నారంటే, ఆయన ఆ దారుల్లో ఎంత తిరిగాడో ఊహించండి.

గండికి వెళ్లేవాళ్లు మాత్రం తోరణం కోసం పైకి చూసే ముందు కింద నీళ్లను చూడండి. పాపాఘ్ని ఎప్పుడూ ఇసుకే కదా అని అనుకునేవాళ్లం. 2021 నవంబర్‌లో ఆ నదే కమలాపురం దగ్గర వంతెనను కూల్చేసింది. ఎగువన ఎక్కడో వాన పడితే, మన నెత్తి మీద ఎండ కాస్తుండగానే ఏట్లో నీళ్లు పెరుగుతాయి. నీళ్ల రంగు ఉన్నట్టుండి ఎర్రబడినా, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నా, ఏటి మోత మారినా వస్తువులు ఏరుకుంటూ కూర్చోకుండా గట్టెక్కండి. కొండల మధ్య ఇరుకు చోట నీళ్లు పెరిగే వేగం విడి మైదానంలో ఉన్నట్టు ఉండదు.

మైలవరం సంగతి వేరు, అక్కడ నీళ్లు కదలవు. అదే ప్రమాదం. ఒడ్డున మోకాలి లోతు, రెండడుగులు వేస్తే మనిషి లోతు. అడుగున బురద, కాలు దిగితే రాదు. లోయకు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం. గేట్లు ఎత్తితే లోయలో నీటిమట్టం మారుతుంది. దిగే ముందు అక్కడి సిబ్బందిని అడగండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోవడమే కాదు, బెల్టు బిగించారో లేదో మీ చేత్తో లాగి చూడండి. ఎవరైనా నీళ్లలో పడితే ఈత వచ్చిన తండ్రి కూడా వెంటనే దూకొద్దు. మునిగే మనిషి పట్టుకుంటే ఇద్దరూ పోతారు. తాడు, పంచె, చీర, పొడవైన కట్టె, ఏది దొరికితే అది అందించి లాగండి. మన్రోలాగా చిన్నప్పుడే ఈత నేర్పించడం మంచిదే, కానీ స్విమ్మింగ్ పూల్‌లో నేర్చిన ఈత జలాశయంలో ధైర్యానికి సరిపోదు.

ఇక 1827 జూలై. జూలై 4న మన్రో గుత్తి చేరాడు. పాతికేళ్ల కిందట తనకు బాగా తెలిసిన కోట. అప్పటికే ఆయన వెంట వచ్చిన బలగంలో కలరా కనిపించింది. 1817లో బెంగాల్‌లో మొదలైన కలరా దేశమంతా పాకి పదేళ్లవుతోంది. అది ఎలా వస్తుందో అప్పుడు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. గాలి వల్ల అనుకునేవారు. నీళ్ల వల్ల వస్తుందని లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు ఒక చేతిపంపు చుట్టూ లెక్కలు వేసి చూపించింది 1854లో, అంటే ఇంకో 27 ఏళ్లకు. మజిలీకి నీడ, నీళ్లు చూసుకునే ఆ పాత పద్ధతిలోనే చిక్కు ఉంది చూశారా. వందల మంది మనుషులు, గుర్రాలు, ఎద్దులు ఒకే చెరువు దగ్గర దిగుతారు, అదే నీళ్లు తాగుతారు. వెనక వచ్చేవాళ్లూ అక్కడే దిగుతారు. చెరువు నీళ్లు తేటగానే ఉంటాయి.

అయినా ప్రయాణం ఆపలేదు. జూలై 6 ఉదయం కర్నూలు జిల్లా పత్తికొండ చేరారు. ఆ ఉదయమే మన్రోకు జబ్బు మొదలైంది. మధ్యలో కాస్త తేరుకున్నట్టు కనిపించింది. చీకటి పడ్డాక పరిస్థితి విషమించింది. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ప్రాణం పోయింది. హైదర్, టిప్పు యుద్ధాలు, పాళెగాళ్ల కోటలు, ఏడేళ్ల కొండదారులు దాటిన మనిషి ఒక్క పగలు గడిచేలోపు వాంతులు, విరేచనాలతో ఒంట్లోని నీరు పోయి చనిపోయాడు.

ఆయన్ని బతికించడానికి కావలసినవి ఆ రోజు ఆ డేరాలో ఉండే ఉంటాయి. కాచిన నీళ్లు, చక్కెర, ఉప్పు. అవి కలిపి తాగిస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయని ఎవరికీ తెలియదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు సరిహద్దు దగ్గరి శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే మన డాక్టరు డ్రమ్ములలో ఆ నీళ్లు కలిపించి తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. ఇప్పుడు మెడికల్ షాపులో కొన్ని రూపాయలకు దొరికే ఓఆర్ఎస్ ప్యాకెట్ అదే.

కాబట్టి ట్రిప్ బ్యాగులో బిస్కెట్ల కంటే ముందు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టండి. ప్యాకెట్ మీద ఎంత నీళ్లలో కలపమన్నారో అంతే, తక్కువలో కలపొద్దు. దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, స్పూన్లు కొలగొట్టి, తలగొట్టి వేయండి. కూల్‌డ్రింక్ దీనికి బదులు కాదు. ఇంటి నుంచి కాచిన నీళ్లో ఫిల్టర్ నీళ్లో తీసుకెళ్లండి. కోనేరులోనివి, జలాశయంలోనివి ఎంత తేటగా ఉన్నా తాగొద్దు. పిల్లవాడికి వాంతులు, విరేచనాలు మొదలైతే సాయంత్రందాకా చూద్దాం అనుకోవద్దు. మన్రోకు ఉన్న టైం మీకు పైన చెప్పాను. ఎండలో ఒళ్లు కాలిపోతూ మాటలు తడబడితే అది వడదెబ్బ: నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కు ఫోన్ చేయండి. పాము కరిచినా అంతే, కట్లు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కదలనీయకుండా ఆసుపత్రికే. బయల్దేరే ముందు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

శేషాచలం వైపు, 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోకి పెద్ద పిల్లలతో వెళ్దామనుకునేవాళ్లు ఉంటే, అది 353 చదరపు కిలోమీటర్ల అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా, వాళ్లు పంపే మనిషి లేకుండా కోనల్లోకి దిగకూడదు. మన్రో కాలంలో ఊరి మనిషి ముందు నడిచేవాడని చెప్పాను కదా, ఇప్పుడూ అదే పద్ధతి. కాకపోతే యూనిఫాం వచ్చింది.

మన్రోను మరునాడు గుత్తిలో, కోట కింది సమాధుల్లో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసుకు తీసుకెళ్లి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిలో ఉంచారు. చెన్నైలో మౌంట్ రోడ్డు దగ్గర గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం ఉంది, 1839లో పెట్టింది. చూస్తే పిల్లలకు చూపించండి, కాళ్లు పెట్టుకునే రికాబులు కనిపించవు. పత్తికొండలో ఆయన ప్రాణం పోయిన చోట ప్రభుత్వం చెట్లు నాటించి ఒక తోపు పెంచింది. ఆ పక్కనే బాటసారులు దిగి నీళ్లు తాగడానికి రాతి మెట్లతో ఒక బావి తవ్వించింది.